నాగపూరున అర్ధరాత్రి
(ఢిల్లీ, మదరాసుల నడుమ ఆకాశమార్గము)

గుండ్రని భూగోళముపై ఢిల్లీకడ ఒక కొస, మదరాసుకడ మరియొక కొస అదిమిపట్టి ఒక దారమును బిగించి చూచినచో, ఆ రెండు నగరములకు నడుమగల కనిష్ఠ దూరము తెలియును. అది సుమారు 1,760 కిలోమీటర్లు, అనగా పాత లెక్కన ఇంచుమించు 1,100 మైళ్ళు. ఆ దారమునకు తూర్పుగా, ఏబది కిలోమీటర్ల ఎడములో, నాగపూరు ఉన్నది. దారమును కొంచెము లాగి నాగపూరున గ్రుచ్చిన సూదికి తగిలించినను దాని పొడవు మూడు నాలుగు కిలోమీటర్లకంటె పెరుగదు. ఢిల్లీనుండి నాగపూరు సుమారు 855, నాగపూరునుండి మదరాసు సుమారు 905. ఇంత పెద్ద దేశమున ఒక నడిమి ఊరు దారికి ఇంత సమీపముగా అమరుట వింతయే. ఆ అమరికవలననే స్వాతంత్ర్యము వచ్చిన రెండవయేటనే ఈ దేశపు ఉత్తరములు రాత్రివేళ ఆకాశమున ఎగిరినవి.

నాగపూరునుండి మదరాసువరకు గల రెండవ పాయను తెలుగువారు మరింత శ్రద్ధగా చూడవలెను. అది మంచిర్యాలచెంత గోదావరిని దాటును. ఓరుగల్లునకు ఒకింత పడమరగా సాగును. మూసీనది కృష్ణలో కలియు వాడపల్లి ప్రాంతమున కృష్ణను దాటి, పల్నాటి మీదుగా దిగి, నెల్లూరుకడ పెన్నను దాటి మదరాసు చేరును. ఒక్క బెజవాడ మాత్రము తూర్పున నూరు కిలోమీటర్ల దూరమున తప్పిపోవును. ఈ పాయలో పెద్దభాగము తెలుగుగడ్డపైననే పరచుకొని ఉన్నదన్నమాట.

రైలుదారి కథ వేరు. 1929వ సంవత్సరమునకు ముందు మదరాసునుండి ఢిల్లీకి బోవువారు రాయచూరు మీదుగా పడమటి చుట్టుదారి పట్టవలసి వచ్చెడిది. నైజాము రైల్వేవారు కాజీపేటకును బల్హార్షాకును నడుమ అడవులగుండ వేసిన మార్గము పూర్తియగుటతో ఉత్తర దక్షిణములకు సూటిదారి ఏర్పడెను. 1929 జనవరి 1వ తేదీన బయలుదేరిన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదట పెషావరునుండి మంగుళూరువరకు 104 గంటలు నడిచిన బండి. తరువాతికాలమున అది ఢిల్లీ, మదరాసుల బండిగా స్థిరపడి, ఢిల్లీలో కాపురమున్న తెలుగువారి నోట జి.టి. యై, చుట్టములలో ఒకటి అయినది. ఆ దారి సుమారు 2,180 కిలోమీటర్లు. ఆకాశమునందలి దారముకంటె అది 420 కిలోమీటర్లు ఎక్కువ. కాని దూరముకన్న కాలము పెద్ద సమస్య. 1950 ప్రాంతములలో ఢిల్లీలో బండి యెక్కిన గుమాస్తా రెండు రాత్రులు అందులోనే గడుపవలెను. దిగిన పిమ్మట చిన్నబండి, బస్సు, కొన్ని ఊళ్ళకు ఎడ్లబండి కూడ తప్పెడివి కావు.

ఈ కాలము లెక్క పండుగ ప్రయాణములందు ఎవరికిని అంత బాధగా తోచెడిది కాదు. పులిహోర పొట్లములు, మరచెంబులు, పిల్లల ఆటలతో రెండు రాత్రులు ఇట్టే గడచెడివి. 1956లో సెలవు ప్రయాణపు రాయితీ వచ్చిన పిదప ఆ వేడుక మరింత పెరిగెను. బాధ యెల్ల తంతి వచ్చిన దినమున. తండ్రికి జబ్బు ముదిరినదని తంతి వచ్చునప్పటికే అక్కడ ఒక పూట గడచియుండును. సెలవు చీటీ వ్రాసి, అప్పు పుట్టించి, ఆనాటి బండి అందుకొన్నను మూడవనాటికిగాని ఊరు చేరుట కల్ల. వేసవిలో శవమును మూడు దినములు ఉంచుట యెవరివలన అగును? అందుచేత ఢిల్లీ, సిమ్లా కచ్చేరీలలో పనిచేసిన ఆ తరమువారిలో పలువురు జ్యేష్ఠపుత్రులై యుండియు తండ్రికి కొరివి పెట్టలేకపోయిరి. తమ్ముడో దాయాదియో ఆ పని నెరవేర్చగా, తాము పెద్దకర్మకు మాత్రము అందిరి. దూరమును వారు మైళ్ళలో కొలువలేదు.

విమానము ఈ చిక్కును తీర్చగలదని ఆనాడు ఎవరును అనుకొనలేదు. విమానపు టిక్కెట్టు గుమాస్తా జీతమునకు అందునది కాదు. అయితే మనిషికి అందనిది ఉత్తరమునకు అందినది. ఆ చరిత్ర కొంచెము వెనుకనుండి చెప్పవలెను.

విమానమున ప్రభుత్వపు టపా పంపుట ప్రపంచమున మొట్టమొదట మనదేశముననే జరిగినది. 1911 ఫిబ్రవరి 18న హెన్రీ పెకే అను ఫ్రెంచి వైమానికుడు అలహాబాదునుండి యమున దాటి నైనీవరకు సుమారు 6,500 ఉత్తరములను తీసికొనిపోయెను. అది పది కిలోమీటర్ల దారి. ప్రదర్శనలో భాగముగా జరిగిన ముచ్చటయే గాని అది నిత్యసేవ కాదు. నిత్యసేవకు ఇరువది యొక్క సంవత్సరములు పట్టెను. 1929లో లండనునుండి కరాచీవరకు విమానపు టపా రాసాగెను. కరాచీలో దిగిన ఉత్తరములను దక్షిణమునకు చేర్చు పని టాటాలు పైన వేసికొనిరి. 1932 అక్టోబరు 15 ఉదయమున జె.ఆర్.డి. టాటా ఒంటి ఇంజను గల పుస్ మాత్ విమానమున కరాచీ విడిచి, అహమ్మదాబాదున ఆగి, మధ్యాహ్నము రెండు కావచ్చునప్పటికి బొంబాయి జుహూ మైదానమున దిగెను. అచ్చటనుండి ఆ టపాను అతని సహచరుడు నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మదరాసు చేర్చెను. బళ్ళారి ఆనాడు మదరాసు రాజధానిలోనిది, దత్తమండలములలో ఒకటి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు దాని పెద్దభాగము మైసూరునకు పోయినది. తరువాత ఈ మజిలీ బళ్ళారినుండి హైదరాబాదునకు మారెను. తెలుగువారు నివసించు నేలకు విమానపు టపా వచ్చిన దారి ఇది.

ఆ విమానములలో రేడియో లేదు. వైమానికుడు నదులను, రైలుపట్టాలను, చెరువులను చూచికొనుచు పగటిపూట మాత్రమే నడుపవలెను. వానకాలమున జుహూ మైదానము బురదయై పోవుటచే పూనాలో దిగెడివారు. పగలు మాత్రమే ఎగిరెడి విమానమునకు టపావిషయమున ఒక లోపము కలదు. జనులు ఉత్తరములను పగలు వ్రాసి, కచ్చేరీలు మూయు సాయంకాలమున డబ్బాలో వేయుదురు. ఆ వేళకు విమానము ఎగురదు. తెల్లవారిన పిదప ఎగిరిన విమానము గమ్యమును చేరుసరికి అచ్చటి ఉదయపు బట్వాడా ముగిసియుండును. వేగము ఎంత యున్నను ఒక దినము వ్యర్థము. అదే విమానము రాత్రి యెగిరినచో మనుష్యులు నిద్రించు కాలమును టపా వాడుకొనును.

ఈ చిన్న సూత్రముపై 1949 జనవరి 30న, గాంధీమహాత్ముని ప్రథమ వర్ధంతి దినమున, రాత్రి విమాన టపా ప్రారంభమయ్యెను. నాటి కేంద్ర ప్రభుత్వమున ఈ శాఖను నిర్వహించుచుండిన మంత్రి రఫీ అహమ్మదు కిద్వాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసు నగరములనుండి నాలుగు విమానములు రాత్రి బయలుదేరి, నడిరేయి నాగపూరు సోనేగాఁవ్ విమానాశ్రయమున కలియును. అచ్చట సంచులను మార్చుకొని, తెల్లవారునప్పటికి నాలుగు నగరములకు చేరును. బొంబాయినుండి నాగపూరు సుమారు 690 కిలోమీటర్లు, కలకత్తానుండి సుమారు 980. నాలుగు దారులును ఇంచుమించు సమానము కాకున్నను, ఒకే జామున వచ్చి చేరుటకు వీలుగానే యుండెను.

ఈ ఏర్పాటులోని తెలివి గణితము తెలిసినవారికి వెంటనే బోధపడును. నాలుగు నగరములకు జంటలు ఆరు. ప్రతి జంటకును ఇరువైపులా నేరుగా విమానము నడిపినచో ప్రతి రాత్రియు పండ్రెండు ప్రయాణములు. నాగపూరున కలిపినచో నాలుగు విమానములు, రానుపోను ఎనిమిది చిన్న ప్రయాణములు. ఆరు మార్గముల పని నాలుగు మార్గములతో నెరవేరును. ఇరువది నాలుగు సంవత్సరముల తరువాత, 1973లో, అమెరికాలో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ అను కంపెనీ మెంఫిస్ నగరమున ఇదే పద్ధతిని అవలంబించి ప్రపంచప్రఖ్యాతి గాంచెను. నాగపూరు పేరు ఆ ప్రఖ్యాతిలో వినబడదు.

కాలపు లెక్క ఇట్లుండును. ఆనాటి డకోటా విమానము గంటకు సుమారు 280 కిలోమీటర్లు పోవును. ఢిల్లీనుండి నాగపూరునకు మూడు గంటల పైన, నాగపూరునుండి మదరాసునకు మూడుంబావు గంటలు, నడుమ సంచుల మార్పిడికి కొంత కాలము. రాత్రి భోజనవేళ ఢిల్లీ విడిచిన ఉత్తరము కాకులు కూయునప్పటికి మీనంబాకమున దిగును. మాటకు ఆరున్నర గంటల ఎగురుట యే కాని, వ్రాసినవానికిని చదువువానికిని అది ఒక్క రాత్రి.

ప్రారంభము మాత్రము నల్లేరుపై బండినడక కాలేదు. మొదట పూనుకొన్న ప్రైవేటు కంపెనీ కొలది మాసములకే చితికిపోయి సేవ ఆగిపోవుటయు, తిరిగి మరియొక కంపెనీచే నడిపింపవలసి వచ్చుటయు జరిగెను. అయినను 1949 ఏప్రిలు 1వ తేదీన మరియొక ముఖ్యమైన మార్పు వచ్చెను. విమానము పోవు ఊళ్ళ నడుమ, దానివలన కాలము కలసివచ్చు చోట్ల, మామూలు ఉత్తరములను కూడ అదనపు రుసుము లేకుండ విమానముననే పంపవలెనని తంతి తపాలా శాఖ నిర్ణయించెను. అంతకుముందు విమానపు టపా అనగా ప్రత్యేకపు బిళ్ళ, ప్రత్యేకపు రుసుము, వర్తకుల కవరు. ఇకమీదట అది అందరి ఉత్తరము. 1950 అక్టోబరు 2న ఇన్లాండు లెటరు అను మడత ఉత్తరము వచ్చిన పిదప, ఆ నీలి కాగితము ఉద్యోగుల ఇండ్లలో పంచాంగమువలె నిత్యవస్తువైనది.

తంతికిని ఉత్తరమునకును గల భేదము ఇచ్చట చెప్పక తప్పదు. తంతి గంటలలో చేరునుగాని తెలుగులో చేరదు. మీటనొక్కు పరిభాష ఆంగ్లాక్షరములది. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అను నాలుగు ముక్కలు ఆంగ్లము రాని తల్లులకు కూడ కంఠస్థములై భీతిని గొల్పెడివి. జబ్బు యేమి, వైద్యుడు యేమనెను, రావలెనా డబ్బు పంపిన చాలునా అను సంగతి ఆ ముక్కలలో ఉండదు. అది ఉత్తరములోనే ఉండును. రైలుటపాలో పోయిన ఉత్తరమునకు బదులు వచ్చుటకు అయిదారు దినములు పట్టెడిది. రాత్రి విమానము వచ్చిన పిదప మదరాసులోని అన్నకు సోమవారము సాయంకాలము ఢిల్లీలో వేసిన ఉత్తరము మంగళవారము ముట్టి, అతడు ఆనాడే బదులు వ్రాసినచో బుధవారము ఢిల్లీకి రాగల వీలు కలిగినది. తల్లిభాషలో అడిగిన ప్రశ్నకు తల్లిభాషలో జవాబు రెండు రాత్రులలో! జి.టి.లో మనిషి ఒకవైపు ప్రయాణము ముగించు కాలమున ఉత్తరములు రెండు మారులు ఈ దేశమును దాటినవి.

ఇది మదరాసులోనివారి మాట. నెల్లూరివారి సంగతి వేరు. పెన్నానదిని దాటునప్పటికి విమానము మదరాసునకు సుమారు ముప్పదియైదు నిమిషముల దూరమున ఉండును. నెల్లూరు మూలపేటలోని ముసలితల్లికి కొడుకు వ్రాసిన ఉత్తరము, ఆమె నిద్రించుచుండగా ఆమె ఇంటి మిద్దెపైనుండి ఇంచుమించుగా ఎగిరిపోయి, మదరాసులో దిగి, రైలెక్కి, తిరిగి ఉత్తరముగా 175 కిలోమీటర్లు వెనుకకు రావలెను. ఓరుగల్లు, మంచిర్యాల సీమలవారిపైనను విమానము అట్లే దాటిపోయినది. రాత్రి నిశ్శబ్దమున డకోటా చప్పుడు క్రింది పల్లెలవారికి వినబడునే గాని అందులో తమ ఉత్తరములున్నవో లేవో వారికి తెలియదు. ఆకాశమార్గము కొసలను దగ్గరచేసినంతగా నడిమి ఊళ్ళను దగ్గర చేయదు. రైలు ప్రతి స్టేషనులోను ఆగుచు, ప్రతి ఊరి సంచి ఆ ఊరిలో దింపుచు పోవును. ఈ విషయమున జి.టి.యే మేలు.

తెలుగుసీమను నడిమి మజిలీగా గౌరవించిన కంపెనీ ఒకటి యుండెను. 1945లో నైజాము ప్రభుత్వమును టాటాలును కలిసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్‌ది బేగంపేట. హైదరాబాదు మీదుగా పోయినను ఢిల్లీ, మదరాసుల దూరము పది పదిహేను కిలోమీటర్లకంటె పెరుగదని పై దారపు లెక్కయే చెప్పును. ఇతర కంపెనీలు ఆడువారికి విమానము అప్పగింపమని త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్‌కు పని ఇచ్చినది ఈ హైదరాబాదు కంపెనీయే. భారతదేశమున వాణిజ్య విమానము నడిపిన మొదటి మహిళ ఆమె. 1953 ఆగస్టు 1న విమానకంపెనీలు జాతీయము చేయబడినపుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలసిపోయిన ఎనిమిదింటిలో దక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి.

రాత్రి టపా ఉచితముగా రాలేదు. 1953 డిసెంబరు 12న నాగపూరునుండి మదరాసునకు బయలుదేరిన డకోటా లేచిన కొలదిసేపటికే కూలి, అందున్న పదునలుగురిలో పదుముగ్గురు మరణించిరి. మిగిలినవాడు వైమానికుడొక్కడే. మరణించినవారిలో కార్మిక నాయకుడును లోక్‌సభ సభ్యుడును అగు హరిహరనాథ శాస్త్రి ఉండెను. మరుసటి ఉదయమున ఉత్తరములకై ఎదురుచూచినవారిలో ఎందరు సంచి ఏల రాలేదో ఎరుగరు. అడవులమీద, వానమబ్బులలో, నేటి పరికరములు లేని దినములలో, ప్రతి రాత్రియు ఎగిరిన వైమానికులును, నడిరేయి లాంతరు వెలుగున సంచులు లెక్కపెట్టిన టపా ఉద్యోగులును జి.టి. డ్రైవరువలె జనుల మాటలలోనికి ఎక్కలేదు. ఉత్తరము విప్పినవాడు దానిపైని ముద్రను చూడడు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1957లో వైకౌంటు విమానములు వచ్చినవి. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగముతో అవి ఢిల్లీ, మదరాసుల దూరమును మూడున్నర గంటలకు కుదింపగలవు. 1964లో కారవెల్ అను జెట్ విమానము వచ్చెను. దాని వేగము సుమారు 800. నాగపూరు మేళనము 1970వ దశకమున నిలిచిపోయెను. 2013 జూలైలో తంతియు కన్నుమూసెను.

ఒక విషయము మాత్రము ఆశ్చర్యకరము. కారవెల్ నాటికిని నేటికిని ప్రయాణపు విమానముల వేగమున చెప్పుకోదగిన భేదము లేదు. 1,760ని 800తో భాగించినచో రెండుంబావు గంటలైనను కావు. కాని నేటి కాలపట్టికలో ఢిల్లీనుండి చెన్నైకి ఇంచుమించు రెండు గంటల ముప్పావు చూపుదురు. విమానము ద్వారము మూసినది మొదలు ద్వారము తెరచువరకు గల కాలమును లెక్కించుటయే ఇందులకు కారణము. బారులో నిలిచి పరుగుదారి చేరుట, మెల్లగా పైకెక్కుట, నిర్ణీత మార్గములందు వంపులు తిరుగుట, దిగుటకు వంతు వచ్చువరకు చుట్లు కొట్టుట అన్నియు అందులోనివే. చలికాలమున ఉత్తరదేశముపై మిక్కిలి ఎత్తున పడమటినుండి తూర్పునకు పెనుగాలి వీచును. కలకత్తాకు బోవు విమానమును అది వెన్నుతట్టి నెట్టును, తిరిగి వచ్చుదానిని ఎదిరించును. మదరాసు దారి ఉత్తరమునుండి దక్షిణమునకు గనుక ఆ గాలి ప్రక్కనుండి తగులును. పోకకును రాకకును కాలమున అంతటి తేడా కానరాదు.

అర్ధరాత్రి దాటిన పిమ్మట కబురు వచ్చినను తెల్లవారుజామున విమానమెక్కి మధ్యాహ్నమునకు ఊరు చేరి తండ్రిని చివరిసారి చూడగల వీలు నేడు ఢిల్లీలోని చిన్న ఉద్యోగికి కూడ, అప్పో సప్పో చేసియైనను, కలదు. హైదరాబాదునకు, విశాఖపట్టణమునకు, గన్నవరమునకు, రేణిగుంటకు ఢిల్లీనుండి నేరుగా విమానములున్నవి. నెల్లూరివానికి మాత్రము అట్టి సౌకర్యము లేదు. అతడు చెన్నైలోనో రేణిగుంటలోనో దిగవలసినదే. చెన్నై విమానము దిగుటకు సిద్ధపడుచుండగా, పగటివేళ మబ్బు లేనిచో, పెన్నానది ఇసుకతిన్నెలు కిటికీలోనుండి అతనికి కనబడును. కొంతసేపటికి అతడు నేలపై దిగి, సెంట్రలు స్టేషనునకు పోయి, ఉత్తరముగా పోవు బండి యెక్కును.